అసమానత గురించి అంతగా మాట్లాడిన శాండర్స్‌ని, అసమానత ఎక్కువున్న రాష్ట్రాలే ఎందుకు కాదన్నాయి?

ప్రశ్న వేసినవారు గుంటూరులో రాజనీతిశాస్త్రం ఎం.ఏ. చదువుతున్నారట, దీని మీదే పేపర్ రాస్తున్నారట. వారి సందేహం క్లుప్తంగా ఇది: 2016 డెమోక్రటిక్ ప్రైమరీలో (అధ్యక్ష పదవికి పార్టీ అభ్యర్థి ఎవరో ఓటర్లు తేల్చే పోటీ) సోషలిస్టునని చెప్పుకునే బెర్నీ శాండర్స్ పొద్దున లేస్తే ఉన్నవాళ్లకీ లేనివాళ్లకీ మధ్య పెరిగిన దూరం గురించే మాట్లాడాడు. మరి ఆ దూరం బాగా ఎక్కువున్న రాష్ట్రాలు దాదాపు అన్నీ హిల్లరీ క్లింటన్‌కి ఎందుకు వేశాయి? అమెరికాలో పేదలకి తమ మేలేదో తమకి తెలియదా?

తెలియక కాదండీ. ముందు జవాబు చెప్పేసి తర్వాత వివరాల్లోకి వెళ్తాను. ఒకటి, రాష్ట్రంలో అసమానత ఎక్కువుందంటే అక్కడ ప్రైమరీకి వచ్చే ఓటరు పేదవాడని అర్థం కాదు. రెండు, ప్రైమరీ గడప దాకా వచ్చే పేదలే తక్కువ. మూడు, ఆ వచ్చినవాళ్లు "ఎవరు మన బాధ బాగా చెబుతున్నారు" అన్నదానికంటే "ఎవరి మాట చెల్లుతుంది, ఎవరు మనల్ని నడిమధ్యలో వదిలేయరు" అన్నది ఎక్కువ చూస్తారు. నా అనుభవంలో మూడోదే పెద్ద కారణం. దాని గురించే ఎక్కువ రాస్తాను.

నేనెవరో కూడా చెప్పాలి, లేకపోతే నా మొగ్గు మీకు తెలియదు. అయోవా రాష్ట్రంలో డెమోయిన్ పక్కన ఇరవై ఏళ్లకి పైగా ఉంటున్నాను. ఇన్సూరెన్స్ కంపెనీలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. 2008లో గ్రీన్‌కార్డు మాత్రమే ఉండేది, ఓటు లేదు. అయినా ఆ ఏటి డెమోక్రటిక్ పోటీలో ఉన్న జాన్ ఎడ్వర్డ్స్ కోసం చలిలో తలుపులు తట్టాను. 2016 నాటికి పౌరసత్వం వచ్చింది. ఆ ఏడూ, 2020లోనూ మా ప్రిసింక్ట్‌లో (పోలింగ్ బూత్ పరిధి లాంటిది) శాండర్స్ తరఫున వాలంటీర్‌ని. అంటే ఓడిపోయే గుర్రాలని ఎంచుకోవడంలో నాకు కాస్త పేరుంది. ఆ లెక్కన చదవండి.

మీ ప్రశ్నకి మూలం 2016 ఏప్రిల్ నెలాఖర్లో ఒక టీవీ ఇంటర్వ్యూ. అసమానత ఎక్కువున్న 25 రాష్ట్రాల్లో అప్పటికి 17 చోట్ల ప్రైమరీలు అయిపోయాయి, అందులో 16 క్లింటన్ గెలిచింది, ఎందుకంటారు అని యాంకర్ అడిగాడు. పేదలు ఓటేయరు కాబట్టి అన్నాడు శాండర్స్. ఆ మాట ఆయన్ని చాలా రోజులు వెంటాడింది. నిజం సగమే చెప్పాడు. పేదల ఓటింగ్ తక్కువన్నది నిజం. కానీ ఆ లెక్కలోకి వచ్చే దక్షిణాది రాష్ట్రాల్లో ప్రైమరీకి వచ్చిన తక్కువ ఆదాయంవాళ్లలో కూడా క్లింటన్‌దే పైచేయి. రాని వాళ్ల మీద నెట్టేస్తే వచ్చిన వాళ్ల మాట ఎటుపోతుంది?

రాష్ట్రం లెక్క వేరు, మనిషి లెక్క వేరు. అసమానతని కొలిచే గిని గుణకంలో న్యూయార్క్ ఎప్పుడూ పైవరసలో ఉంటుంది. ఎందుకంటే వాల్ స్ట్రీట్ అక్కడే ఉంది, సబ్‌వేలో పడుకునేవాళ్లూ అక్కడే ఉన్నారు. అట్టడుగున ఉండేవి యూటా, అలాస్కా లాంటివి. 2016లో శాండర్స్ యూటాలో 79 శాతం తెచ్చుకున్నాడు, అలాస్కాలో 80 దాకా. అంటే సమానత్వం బాగా ఉన్నచోట అసమానత కబుర్లకి డిమాండ్ ఎక్కువన్నమాట! నవ్వొచ్చే ముగింపే కానీ అంకెల్ని రాష్ట్రాల వారీగా పక్కపక్కన పెడితే అలాగే కనిపిస్తుంది. అసలు సంగతి, ఆ రెండు చోట్లా నల్లజాతి ఓటర్లు చాలా తక్కువ, రెండు చోట్లా అప్పటి పద్ధతి కాకస్, అంటే పార్టీవాళ్లు స్థానికంగా సభ పెట్టి అభ్యర్థిని తేల్చుకోవడం. అసమానత పట్టికలో పైనున్న దక్షిణాది రాష్ట్రాల్లో డెమోక్రటిక్ ప్రైమరీ ఓటర్లలో నల్లజాతివారే పెద్ద భాగం. కాబట్టి మీరు అసమానత అనుకుని కొలుస్తున్నది, లోపల చూస్తే, చాలావరకు జాతి. మీ పేపర్‌లో రాష్ట్రాల పట్టిక పెట్టి దాన్నుంచి పేద ఓటరు మనసు చెప్పబోతే గైడుగారు అక్కడే ఆపేస్తారు.

పైగా వయసు. అయోవాలో 30 ఏళ్లలోపు వాళ్లలో శాండర్స్‌కి 84 శాతం. ఆదాయం వల్ల వచ్చిన తేడాలేవీ దీని దరిదాపుల్లో లేవు. ఎగ్జిట్ పోల్‌లో "తక్కువ ఆదాయం" గడిలో టిక్కు పెట్టిన కుర్రాడు యూనివర్సిటీలో చదువుతున్న డాక్టరుగారబ్బాయి కావచ్చు. అదే గడిలో టిక్కు పెట్టిన డెబ్బై ఏళ్ల ముసలావిడ సోషల్ సెక్యూరిటీ చెక్కు (ప్రభుత్వ పింఛను) మీద బతుకుతుండొచ్చు. వీళ్లిద్దరినీ ఒకే వర్గం అనగలమా?

ఇక గడప దాటడం. ఇది మన దగ్గర చదువుకున్నవాళ్లకి వెంటనే ఎక్కదు. మనకి పోలింగ్ రోజు సెలవు. ఓటర్ల జాబితా ప్రభుత్వమే తయారు చేస్తుంది. ఓటు కోసం హైదరాబాద్ నుంచి ఊళ్లకి కార్లు, బస్సులు బయల్దేరితే పంతంగి టోల్‌ప్లాజా దగ్గర బారులు తీరతాయి. 2024లో ఆంధ్రప్రదేశ్‌లో పోలింగ్ 80 శాతం దాటింది. పేదవాడి దగ్గర బలంగా ఉన్న ఆయుధం అదొక్కటే అన్నట్టు వేస్తారు. ఇక్కడ 2016లో, రెండు పార్టీల ప్రైమరీలూ కలిపి చూసినా, అర్హులైన వాళ్లలో 28, 29 శాతం మందే వచ్చారు. అది రికార్డుకి దగ్గర్లో ఉన్న ఏడాది! మా అయోవా జనాభా 31 లక్షలు. ఆ ఏడాది డెమోక్రటిక్ కాకస్‌కి వచ్చింది సుమారు 1,71,000 మంది.

అప్పట్లో మా కాకస్ అంటే బటన్ నొక్కి వచ్చేయడం కాదు. ఫిబ్రవరి చలిలో రాత్రి ఏడింటికి ఏ స్కూలు హాలుకో వెళ్లాల్సి వచ్చేది. ఏ అభ్యర్థి మనుషులు ఆ మూల నిలబడేవారు. తలలు లెక్కపెట్టేవారు. 15 శాతం రాని గుంపువాళ్లు ఇంకో గుంపులోకి వెళ్లే వీలుండేది. రెండు గంటలు సులువుగా పట్టేది. 2016 జనవరిలో నేను ఫోన్ చేసినవాళ్లలో ముసలివాళ్ల హోంలో ఆయాగా పనిచేసే ఒకావిడ ఉంది. శాండర్స్ అంటే ఇష్టమే. గంటకి 15 డాలర్ల కనీస వేతనం గురించి నాకే పాఠం చెప్పింది. "మరి వస్తారా?" అన్నాను. "నా షిఫ్ట్ ఏడింటికి మొదలవుతుంది. మంచాల మీద వాళ్లని పక్కకి ఎవరు తిప్పుతారు, నువ్వొస్తావా?" అంది. నా దగ్గరున్న స్క్రిప్టులో దానికి జవాబు లేదు.

వాషింగ్టన్ రాష్ట్రం ఉదాహరణ మీ పేపర్‌కి బాగా పనికొస్తుంది. 2016 మార్చిలో అక్కడ కాకస్ పెట్టారు. సుమారు 2,30,000 మంది వచ్చారు, శాండర్స్‌కి దాదాపు 73 శాతం. మే నెలలో అదే రాష్ట్రం పోస్టులో ఓటేసే ప్రైమరీ కూడా పెట్టింది. దానికి డెలిగేట్లతో (అభ్యర్థిని ఖరారు చేసే పార్టీ ప్రతినిధులు) సంబంధం లేదు, ఉత్తుత్తిదే. అయినా 8 లక్షల మంది వేశారు, క్లింటన్ గెలిచింది. అంటే గడప ఎత్తు తగ్గిస్తే ఎక్కువమంది సామాన్యులు వస్తారు, నిజమే. కానీ అలా వచ్చినవాళ్లు మార్పు కోరే అభ్యర్థికే వేస్తారని మా వాలంటీర్లం పెట్టుకున్న నమ్మకం అక్కడ పగిలింది. న్యూయార్క్‌లో ఇంకో రకం గడప. 2016 ఏప్రిల్ ప్రైమరీలో ఓటేయాలంటే పార్టీ మార్పు ముందటి అక్టోబరులోనే రాయించుకోవాల్సి వచ్చింది. ఆ గడువు తెలియక ట్రంప్ పిల్లలిద్దరు సొంత తండ్రికే ఓటేయలేకపోయారు. వాళ్లకే తెలియకపోతే రెండు ఉద్యోగాలు చేసుకునేవాడికేం తెలుస్తుంది!

సరే, గడప దాటి లోపలికి వచ్చినవాళ్ల సంగతి.

సౌత్ కరోలినా, 2016 ఫిబ్రవరి 27. క్లింటన్ 73.5 శాతం, శాండర్స్ 26. ఓటర్లలో 61 శాతం నల్లజాతివారు, వాళ్లలో 86 శాతం క్లింటన్‌కి. అంతకు ముందు రెండు వారాలు మేం ఇక్కణ్ణుంచి అక్కడికి ఫోన్లు చేశాం. నా యాసకి సగంమంది పెట్టేసేవాళ్లు, అది వేరే కథ. ఒక పెద్దావిడ మాత్రం ఓపిగ్గా పది నిమిషాలు విన్నది. చర్చిలో వంటలు చూసుకుంటుందట. కాలేజీ ఉచితం, అందరికీ వైద్యం, బ్యాంకుల మీద పన్ను, అన్నీ చెప్పాను. "బాబూ, అన్నీ బాగున్నాయి. ఇచ్చేదెవరు? ఇవ్వనిచ్చేదెవరు?" అంది. "హిల్లరీ మంచిదని కాదు. ఆమె నాకు తెలుసు. ఏం చేస్తుందో తెలుసు, ఏం చేయదో కూడా తెలుసు" అంది.

నాకు ఆ రోజు కోపం వచ్చింది. ఇప్పుడాలోచిస్తే ఆవిడ లెక్క నా లెక్కకంటే గట్టిది. నాకు జీతం ఉంది, ఇన్సూరెన్స్ ఉంది. నా అభ్యర్థి ఓడితే నాకు పోయేది ఒక సాయంత్రం. ఆవిడకి నవంబరులో జరిగే అసలు ఎన్నికలో అవతలి పార్టీ గెలిస్తే పోయేవి చాలా ఉన్నాయి. పోగొట్టుకోవడానికి తక్కువ ఉన్నవాడు సాహసం చేస్తాడని పుస్తకాల్లో చదువుకున్నాం. ఉన్న కాస్తా పోతే మళ్లీ రానివాడు సాహసం చేయడు. నాలుగేళ్ల తర్వాత అదే రాష్ట్రం బైడెన్‌ని నిలబెట్టింది. అప్పటికి అయోవాలో నాలుగో స్థానం, న్యూహాంప్‌షైర్‌లో ఐదో స్థానం ఆయనది. ప్రైమరీకి మూడు రోజుల ముందు అక్కడి నల్లజాతి ఎంపీ జిమ్ క్లైబర్న్ మద్దతు ప్రకటించాడు. 2020 ఫిబ్రవరి 29న బైడెన్‌కి 48 శాతం పైన వచ్చింది. ఆ తర్వాత ఆయన వెనక్కి చూడలేదు.

ఇప్పుడు తెల్ల కార్మికులు. ఇక్కడ వెస్ట్ వర్జీనియా చూడాలి. బొగ్గు గనులు, మూతపడ్డ ఊళ్లు. అక్కడ 55 కౌంటీలు, మన జిల్లాల్లాంటివి. 2008 ప్రైమరీలో ఒబామా మీద క్లింటన్ 55కి 55 గెలిచింది. 2016లో అదే క్లింటన్ మీద శాండర్స్ 55కి 55 గెలిచాడు. మధ్యలో 2012లో ఇంకో వింత జరిగింది. పదవిలో ఉన్న ఒబామా మీద టెక్సాస్ జైల్లో శిక్ష అనుభవిస్తున్న ఒక ఖైదీ పేరు బ్యాలెట్‌లోకి ఎక్కింది. అతనికి 41 శాతం వచ్చాయి!

మూడు ఎన్నికలూ పక్కపక్కన పెట్టి చూడండి. ఎనిమిదేళ్లలో ఆ ఊళ్లు సోషలిజంలోకి మారిపోయాయా? లేదు. 2008లో ఒబామా శాన్‌ఫ్రాన్సిస్కోలో చందాలిచ్చేవాళ్ల మధ్య, చిన్న ఊళ్లవాళ్లు కడుపుమంటతో తుపాకుల్నీ మతాన్నీ పట్టుకు వేలాడుతున్నారని అర్థం వచ్చేలా మాట్లాడాడు, ఆ మాట బయటికొచ్చింది. 2016లో క్లింటన్ బొగ్గు గనులవాళ్లని, కంపెనీలని మూయిస్తాం అన్నట్టు ఒహాయోలో అంది. ఆ మాటకి ముందూ వెనకా ఆమె చెప్పింది కార్మికులకి కొత్త ఉపాధి చూపాలనే. కానీ టీవీలో మిగిలింది ఆ ముక్కే. ఆ ఏడాది అక్కడ శాండర్స్‌కి వేసినవాళ్లలో పదిమందిలో నలుగురి దాకా, నవంబరులో ట్రంప్‌కే వేస్తామని ఎగ్జిట్ పోల్స్‌లో చెప్పారు. నవంబరులో ట్రంప్‌కి ఆ రాష్ట్రంలో 68 శాతం వచ్చింది.

మిషిగన్ దీనికి ఇంకో రుజువు. 2016లో సర్వేలు సగటున క్లింటన్‌కి ఇరవై పాయింట్ల ఆధిక్యం చూపిస్తే శాండర్స్ గెలిచాడు. మేమంతా నాఫ్టా (మెక్సికో, కెనడాలతో వాణిజ్య ఒప్పందం), మూతపడ్డ కార్ల ఫ్యాక్టరీలు, వర్గ స్పృహ అని సంబరపడ్డాం. 2020లో అదే మనిషి, అవే మాటలు, అదే మిషిగన్. ఎదురుగా బైడెన్. మొత్తం 83 కౌంటీలూ బైడెన్ గెలిచాడు. మేం వర్గ స్పృహ అనుకున్నదాంట్లో మంచి భాగం హిల్లరీ మీద వ్యతిరేకత. అది ఒప్పుకోవడానికి నాకు చాలా రోజులు పట్టింది.

"ధనవంతుడికి పేదలెలా వేస్తారు" అని కూడా అడిగారు. దీనికి పొట్టి జవాబు: డబ్బుండటం ఇక్కడ తప్పుగా చూడరు. ట్రంప్ తన డబ్బు దాచలేదు, బంగారు రంగు ఎస్కలేటర్ చూపించి మరీ ఓట్లడిగాడు. అయితే ఒక సవరణ. 2016 ప్రైమరీల్లో ట్రంప్ ఓటర్ల మధ్యస్థ కుటుంబ ఆదాయం 72,000 డాలర్ల దగ్గర ఉందని అప్పట్లో ఎగ్జిట్ పోల్స్‌ని బట్టి అంచనా వేశారు. క్లింటన్, శాండర్స్ ఓటర్లది 61,000 దగ్గర, దేశం మొత్తానిది 56,000. అంటే "పేదలంతా ట్రంప్‌కి" అన్నది కథ. వాళ్లలో డిగ్రీ లేనివాళ్లు ఎక్కువ, కానీ డిగ్రీ లేకపోవడం, డబ్బు లేకపోవడం ఒకటి కాదు. సొంత ప్లంబింగ్ వ్యాపారం, రెండు ట్రక్కులు ఉన్నవాడికి డిగ్రీ ఉండదు. కానీ అప్పులు పెరిగిపోయిన కాలేజీ లెక్చరర్‌కంటే వాడే నయం.

ఓటరుకి మండేది ఒకటి చెప్పి ఇంకోటి బతికితే. దీనికి నా ఎడ్వర్డ్స్ గారే సాక్ష్యం. బట్టల మిల్లు కార్మికుడి కొడుకు. "రెండు అమెరికాలు" అని, ఒకటి ఉన్నవాళ్లది ఒకటి మిగతావాళ్లదని, ఆ కాలంలో ఇంకెవరూ చెప్పనంత బాగా చెప్పాడు. 2007లో ఆయన క్షవరానికి 400 డాలర్లు అయిందని, ఆ బిల్లు ప్రచారం ఖాతాలో పడిందని బయటపడింది. 28,000 చదరపు అడుగుల ఇల్లు సంగతీ తోడైంది. ఆ తర్వాత నేను తట్టిన ప్రతి మూడో తలుపు దగ్గరా క్షవరం జోకే. మెకానిక్ ఒకాయన నా టోపీ చూసి "నీది ఎంతయింది?" అన్నాడు. అయినా అయోవాలో ఎడ్వర్డ్స్‌కి రెండో స్థానం వచ్చింది, క్లింటన్‌కంటే ఒక వెంట్రుకవాసి ముందు. ఆ నెలాఖరుకి పోటీ నుంచి తప్పుకున్నాడు.

2012 ఎన్నికల పోటీలో రిపబ్లికన్ మిట్ రామ్నీది ఇదే గొడవకి రెండో వైపు. డిబేట్‌లో 10,000 డాలర్ల పందెం కాస్తావా అన్నాడు. మిషిగన్‌లో తన భార్యకి రెండు కాడిలాక్‌లున్నాయని అన్నాడు. అబద్ధం ఏదీ లేదు, మనిషి తన మామూలు బతుకే చెప్పాడు. కానీ అది వినేవాడికి ఎంత దూరమో ఆయనకి తట్టలేదు. ఒబామా పెన్సిల్వేనియాలో బౌలింగ్ ఆడి 37 స్కోరు చేయడం, క్లింటన్ ఇండియానా బార్‌లో విస్కీ కొట్టడం, ఇవన్నీ ఆ దూరం తగ్గించడానికి పడ్డ పాట్లు. టీవీవాళ్లకి పండగ, ఓట్ల మీద వాటి ప్రభావం ఎంతో నాకు అనుమానమే.

డబ్బు చేయలేనిదీ ఉంది. కోటీశ్వరుడు మైకేల్ బ్లూమ్‌బర్గ్ 2020 డెమోక్రటిక్ పోటీలో సొంత జేబులోంచి 100 కోట్ల డాలర్ల దాకా పోశాడు. గెలిచింది అమెరికన్ సమోవా అనే చిన్న దీవుల ప్రాంతం ఒక్కటే. అదే శాండర్స్ 2016లో సగటున 27 డాలర్ల చందాలతో దేశమంతా ప్రచారం నడిపాడు. ఆ అంకెని సభల్లో జనమే కోరస్‌గా అరిచేవాళ్లు. క్లింటన్ వాల్ స్ట్రీట్ బ్యాంకు గోల్డ్‌మన్ శాక్స్‌లో మూడు ప్రసంగాలకి తీసుకున్న 6,75,000 డాలర్లతో పోల్చి చెబితే తలుపు దగ్గర బాగా పనిచేసేది. పనిచేసేది అంటే, అప్పటికే మావైపు ఉన్నవాళ్ల దగ్గర.

నా వాదనకి ఎదురు నిలిచే ఉదాహరణ కూడా చెప్పాలి: నెవాడా, 2020. లాస్‌వేగాస్ హోటళ్లలో గదులు ఊడ్చేవాళ్లు, వంటవాళ్ల యూనియన్ కలినరీ, 60,000 మంది సభ్యులు. సమ్మెలు చేసి సాధించుకున్న మంచి వైద్య పథకం వాళ్లది. శాండర్స్ చెప్పే అందరికీ వైద్యం పథకం వస్తే మీ పథకం పోతుందని యూనియన్ నాయకత్వం కరపత్రాలు పంచింది. నా సిద్ధాంతం ప్రకారం వాళ్లు భయపడి ఆయనకి దూరం కావాలి. కానీ కాసినోలు ఉన్న స్ట్రిప్ మీది కాకస్‌లలో చాలావాటిలో ఆయనే గెలిచాడు. ఎలా? నాకు తెలిసినంతలో రెండు సంగతులు. అక్కడి లాటినో పేటల్లో శాండర్స్ మనుషులు నెలల తరబడి స్పానిష్‌లో తిరిగారు. ఆయన్ని "తీయో బెర్నీ" అని పిలిచేదాకా వచ్చింది, మనం బాబాయ్ అన్నట్టు. ఇంకోటి, ఆ కాకస్‌లు పనిచేసే చోటే పెట్టారు, షిఫ్ట్ మధ్యలో వచ్చి వెళ్లొచ్చు. అయోవాలో కూడా 2020లో ఇలాంటివి పెట్టారు. అటమ్వాలో పంది మాంసం ప్యాకింగ్ కార్మికుల కోసం యూనియన్ హాల్లో మధ్యాహ్నమే జరిగింది. వచ్చింది 15 మంది, ఎక్కువమంది ఇథియోపియా నుంచి వచ్చినవాళ్లు. 14 మంది శాండర్స్ వైపు నిలబడ్డారు. ఆయా చెప్పిన మాట ఆ రోజు గుర్తొచ్చింది. గడపనే ఆవిడ దగ్గరికి తీసుకెళ్తే ఏమయ్యేదో నాకు తెలియదు కానీ, ఫోన్ చేసి రమ్మనడం కంటే మెరుగయ్యేది.

మీ పేపర్‌కి ఒక సలహా: రాష్ట్రాలు వదిలి కౌంటీలు పట్టుకోండి. వెస్ట్ వర్జీనియా 2008, 2012, 2016 మ్యాపులు ఒక పేజీలో వేస్తే సగం వాదన అక్కడే కనిపిస్తుంది. ఆదాయంతో పాటు వయసు, జాతి, డిగ్రీ తప్పకుండా కలపండి.

చివర్లో "మనవాళ్లు ఎటు?" అన్నారు. ఇక్కడి తెలుగువాళ్లలో పెద్ద భాగానికి అసలు ఓటు లేదండీ. హెచ్1బి మీద పదిహేనేళ్లుగా పన్నులు కడుతూ, గ్రీన్‌కార్డు క్యూలో ఉన్నవాళ్లు వాళ్లు. ఓటున్నవాళ్లు మాట్లాడేది ఎక్కువగా పన్నులు, పిల్లల కాలేజీ ఫీజుల గురించే. 2020 కాకస్ రాత్రి మా స్కూలు హాల్లో ఓటు లేనివాళ్లని గోడవారగా నిలబెట్టారు. 2008లో నేను నిలబడ్డ గోడే. ఈసారి అక్కడ మనవాళ్లు ఆరుగురు ఉన్నారు, ఒకబ్బాయి వీడియో తీస్తున్నాడు. లెక్కపెడుతుంటే వచ్చి "అన్నా, మీ గుంపుకి ఇంకా ఇద్దరు తక్కువున్నారు కదా, మేం వచ్చి నిలబడితే ఎవరికి తెలుస్తుంది?" అన్నాడు. తెలుస్తుంది తమ్ముడూ అని పంపించేశాను. ఆ ఇద్దరినీ ఇంకో అభ్యర్థి ఎలిజబెత్ వారెన్ గుంపులోంచి బతిమాలి తెచ్చుకున్నాం.